కోతపండుగలో ఇనుప స్టూలు

వెల్డింగ్ వాసన తగిలితే చాలు, జహీరాబాద్‌లో మా చర్చి కోతపండుగ గుర్తొస్తుంది. ఆ ఏడాది డిగ్రీ సీటు వదిలేసి చర్చి మిషన్‌వాళ్ల వర్క్‌షాపులో వెల్డింగ్ పని నేర్చుకుంటున్న అన్నతో నాయిన మాట్లాడడం మానేశాడు. ఆ పండుగనాడు అందరూ తొలిపంటగా అల్లం, చెరుకు తెచ్చి బలిపీఠం ముందు పెడుతుంటే, అన్న తాను మొదటిసారి చేసిన ఇనుప స్టూలు తెచ్చి పెట్టాడు. అక్కడ పెట్టినవన్నీ పాస్టరయ్య వండుకుని తింటాడని అప్పట్లో నా నమ్మకం.

"నాయినా, గిది ఉడకదు గదా! పాస్టరయ్య ఎట్ల తింటడు?" అని గట్టిగా అడిగేశాను.

చర్చంతా నవ్వింది. నాయినకూ నవ్వు ఆగలేదు.

"తినడు బిడ్డా, కూసుంటడు."

లేచి వెళ్లి స్టూలును పట్టుకుని ఊపి చూశాడు. అది కదల్లేదు.

"మంచిగ పండింది రా," అన్నాడు అన్నతో.

తర్వాత నేను డిగ్రీ పట్టా తెచ్చాను గానీ, నాయిన దాన్ని అంత మురిపెంగా ఊపి చూడలేదు.