ఆయన దృష్టిలో అది దెబ్బే కాదు

హాఫ్ టైమ్ అయ్యాక జట్లు రెండూ వైపులు మారాయి. మా ఆయన మాత్రం మారలేదు. పాత గోల్ ముందే నిలబడి, ఎదుటి జట్టువాళ్లను తనవాళ్లే అనుకుని ‘లైన్ పైకి జరపండి’ అని అదిలిస్తున్నారు. ఇంగ్లండ్‌లో, నార్తాంప్టన్‌లో మా ఇంటి దగ్గరి పార్కులో జనవరిలో జరిగిన ఫుట్‌బాల్ మ్యాచ్ అది, రిటైరైన ఆటగాళ్ల వెటరన్స్ మ్యాచ్. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మా ఆయన రుయ్‌ది పోర్చుగల్. కెరీరంతా డిఫెండరే. మొదట అక్కడ, తర్వాత ఇక్కడ చిన్న క్లబ్బుల్లో ఆడి రిటైరయ్యారు. గోల్ కొట్టినవాళ్ల ఫొటోలు పేపర్లో పడేవి, ఈయనవి పడేవి కావు. గాల్లో వచ్చే ప్రతి బంతినీ తలతో కొట్టి బయటికి పంపడమే ఈయన ఉద్యోగం. నేను కాకినాడ నుంచి ఐటీ ఉద్యోగానికొచ్చి ఈయన్ని చేసుకుంటానంటే మా అమ్మ, “తలతో బతికే మనిషంటున్నావుగా, పర్లేదులే” అంది.

ఆ మ్యాచ్ తర్వాత తలనొప్పులు మొదలయ్యాయి. ఎడమ కాలు కాస్త ఈడ్చేవారు. ఒకరోజు మా అమ్మాయి స్కూల్ నుంచి ఆయన కారులో వచ్చి, “మమ్, డాడ్ మళ్లీ రాంగ్ టర్న్ తీసుకున్నారు. ఐ వాజ్ స్కేర్డ్” అంది.

మా ఫ్యామిలీ డాక్టర్, అదే జీపీ దగ్గరికి వెళ్లాం. “ఈ మధ్య హెడ్ ఇంజరీ ఏమైనా?” అని అడిగారాయన.

“లేదు,” అన్నారు రుయ్.

“ఇన్నేళ్లు హెడింగ్ చేశారు కాబట్టి డిమెన్షియా సంగతి కూడా చూడాలి. మెమరీ క్లినిక్‌కి రెఫరల్ పంపుతాను.”

ఆ మాటతో నా పై ప్రాణాలు పైనే పోయాయి. రేపో మాపో నేనెవరో అడుగుతారేమోనని, పొద్దున్నే ఆయన మొహం చూడడానికి భయపడేదాన్ని.

క్లినిక్ నుంచి పిలుపు రాకముందే ఒకరోజు టీ కప్పు ఎడమ చేతిలోంచి జారింది, వాంతయింది. ఆసుపత్రి ఎమర్జెన్సీకి, ఇక్కడివాళ్ల మాటలో ఏ అండ్ ఈకి పరిగెత్తాం. సీటీ స్కాన్ చూసిన డాక్టర్ చెప్పింది: “సబ్‌డ్యూరల్ హెమటోమా. పుర్రె లోపల పాత రక్తం చేరి బ్రెయిన్‌ని నెడుతోంది. దెబ్బ ఎప్పుడు తగిలింది?”

“ఏ దెబ్బా తగల్లేదు,” అన్నారు రుయ్ మళ్లీ.

నేను ప్రశ్న మార్చాను. “మ్యాచ్‌లో ఎవరి తలైనా తగిలిందా?”

“క్రిస్మస్ ముందు. వాళ్ల స్ట్రైకరూ నేనూ ఒకే బంతికి లేచాం. అది దెబ్బెలా అవుతుంది? బాల్ క్లియరైంది కదా.”

డాక్టర్ ఆ మాటే రాసుకుంది.

బర్ హోల్ సర్జరీ, అంటే పుర్రెకి చిన్న రంధ్రం పెట్టి రక్తం తీసేశారు. ఇంటికొచ్చిన కొద్ది రోజులకే మాట ముద్దగా రావడం మొదలైంది. రక్తం మళ్లీ చేరింది, మళ్లీ ఆపరేషన్. మొదటిసారి దేవుడికి మొక్కుకున్నాను. రెండోసారి మొక్కుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు. “మామూలు మనిషవుతారా?” అని అడిగితే, “చాలామంది అవుతారు. మాట మాత్రం ఇవ్వలేను” అన్నారు సర్జన్.

అయ్యారు. ఇప్పుడు నడక బాగుంది, దారులన్నీ గుర్తున్నాయి. ఆట మానేశారు. ఇన్నేళ్ల హెడింగ్ ముందుముందు ఏం చేస్తుందో ఈ స్కాన్ చెప్పదన్నారు డాక్టర్లు. అందుకే ఆయన కారు తాళాలు వెతుక్కుంటే ఇప్పటికీ చేస్తున్న పని ఆపి ఆయన్నే చూస్తుంటాను. మొన్న తోటలో మా అమ్మాయి బంతిని పైకి తన్నింది. ఆయన మడమలు లేచాయి, అంతలోనే ఆగారు. బంతి నేల మీద పడేదాకా కదలకుండా నిలబడి, నా వైపు చూశారు. నాకు ఏడుపు ఆగలేదు.

ఇంట్లో మనిషిలో తేడా కనిపిస్తే ‘దెబ్బ తగిలిందా’ అని అడిగి వదిలేయకండి. ఎవరి తల తగిలింది, ఏ కొమ్మ తగిలింది, ఏ తలుపు తగిలిందని విడివిడిగా అడగండి. వారాల కిందటి సంగతైనా సరే, డాక్టర్‌కి మీరే చెప్పండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు.