రేకు మీద పేరు

ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి సుబ్బరత్నం శెట్టి ఏది దానమిచ్చినా దాని మీద తన పేరుండాల్సిందే. గుడిలో ఫ్యాను రెక్కల మీదా, బస్టాండు బెంచీ మీదా, చివరికి శ్మశానంలో నీళ్లతొట్టి మీదా ఆ పేరే చూసి చూసి ఊరికి వెగటు పుట్టింది. ఈ ఏడాది పడమటి కనుమల వర్షారణ్యంలో పరిశోధనకు విరాళమిచ్చాడు. మొన్న కారేసుకుని అక్కడికి పోయి, వక్కాకు నములుతూ, పరిశోధకులు పదేళ్లుగా పెరుగుదల కొలుస్తున్న చెట్టుకే మేకులు దిగ్గొట్టి తన పేరున్న రేకు బిగించాడు. బెరడు చీలి పాలు కారాయి.

"ఇన్నేళ్ల కొలతలూ పాడైపోయాయండీ," అంది పరిశోధకురాలు వైష్ణవి.

శెట్టి చెట్టు మొదట్లో తుపుక్కున ఉమ్మాడు. "కొలతలు మళ్లీ తీసుకోవచ్చులేమ్మా. పాలు నా పేరు మీదికి కారతాండాయి, ముందు అది తుడ్చు."