అత్తకు వినిపించని పుస్తకం

నగరిలో మా మేనత్త నలభై ఏళ్ళు చేతిమగ్గం నేసింది. పవర్‌లూములు వచ్చాక ఒకరోజు ఆ మగ్గాన్ని విప్పి, కొయ్యలన్నీ కట్టెల అడితికి తోలేశారు. ఆ నలభై ఏళ్ళ గురించీ, ఆ ఒక్కరోజు గురించీ ఆమె చెబుతుంటే నేను రాసుకున్నాను. పుస్తకం వేస్తానని మాటిచ్చాను. అత్తకు చదువు రాదు. అందుకని ఆమె నన్ను అడిగింది ఒక్కటే, రాసింది రాసినట్టు తనకు చదివి వినిపించమని.

వినిపించలేదు. సిగ్గు. తిరుచానూరులో లాడ్జి కౌంటర్లో కూర్చుని గదుల తాళాలిచ్చేవాడికి పుస్తకమేమిటని లోపల ఒకటే గుబులు. రాసిన పది పేజీలు మర్నాడు చదువుకుంటే చప్పిడి కూడులా ఉండేవి. పరపరా చించేసి మళ్ళీ మొదటి వాక్యం నుంచి ఎత్తుకునేవాణ్ణి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా టైము మీదికి తోసేవాణ్ణి. యాత్రికుల రద్దీ, డబుల్ డ్యూటీ, చుట్టాల పెళ్ళిళ్ళు, ఎన్ని సాకులో! సెలవు దొరికిన ఆదివారం పుత్తూరు మీదుగా బస్సులో నగరి వెళ్తే, అత్త గోడకు చేరగిలబడి వినడానికి సిద్ధంగా ఉండేది. ఇంకా పూర్తికాలేదత్తా, మొత్తం అయ్యాక ఒకేసారి చదువుతాననేవాణ్ణి. ఆమె లేచి కాఫీ పెట్టేది. బుద్ధి లేక రెండేళ్ళు అలాగే జరిపాను.

ఒకసారి ఉండబట్టలేక నిలదీసింది, ఎందుకు తెమలడం లేదని. చించేస్తున్న సంగతి ఒప్పుకున్నాను. ఆమెకు నిజంగానే కోపం వచ్చింది.

"సీర కోసినాక మగ్గం మింద పాత పడుగు కొసలు మిగలబెడతాం. కొత్త పోగులు వాటికే అతుకుతాం. నువ్వేమో దినామూ అన్నీ తెంచి పారేస్తాండావు. అట్లయితే పోగులెక్కించేదానికే జన్మ సరిపోతాది. ఇంగ నేసేదెప్పుడప్పా?"

ఆ తిట్టు నాకు పనికొచ్చింది. ఆ తర్వాత డ్యూటీకి లేచేముందు కావాలనే వాక్యాన్ని సగంలో ఆపేవాణ్ణి. మర్నాడు ఆ సగం పట్టుకుంటే మిగతాది దానంతటదే వచ్చేది. బాగుందా లేదా అని వెనక్కి తిరిగి చూడలేదు. ఈలోగా తిరుపతిలో ప్రెస్సాయన ఉగాది లోపల ఇచ్చేయమన్నాడు. ఆ తర్వాత స్కూలు గైడ్ల అచ్చు మొదలవుతుందట, తప్పితే మళ్ళీ వచ్చే ఏడేనట. ఆ హడావిడిలో ఆర్నెల్లు నగరికే పోలేదు. అంతా అయ్యింది, మగ్గం విప్పిన రోజు తప్ప. ఆ రెండు పేజీలు ఎన్నిసార్లు రాసినా ఏడుపుగొట్టుగా వచ్చాయి. గడువు చూస్తే మూడు రోజులు. ఇంత రాశాక ఇదొక్కటీ లేకపోతే ఏం పోయిందిలే అని తీసేశాను. వెళ్ళి ఆమెకు చదివి వినిపించి ఉంటే, ఎక్కడ తప్పానో ఆమే చెప్పేది. ఆ తెలివి అప్పుడు ఏమైందో!

ఫోన్లో అడిగినదానికి అత్త వేరేదేదో చెబుతుంటే పరధ్యానమనుకున్నాను. పుస్తకం పట్టుకుని వెళ్ళాక తెలిసింది, చెవులు పూర్తిగా పోయాయని. మిషన్ పెట్టినా లాభం లేదన్నాడట డాక్టరు.

అయినా చదివాను. చెవి దగ్గర నోరుపెట్టి అరిచాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి తొంగిచూశారు. అత్త నా మొహమే చూస్తూ, నవ్వాల్సిన చోట కాకుండా ఇంకెక్కడో నవ్వింది. నాలుగు పేజీలయ్యాక నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"సాల్లే నాయనా, గొంతు పోతాది. వొగటి మాత్రం సెప్పు. మగ్గం ఇప్పేసిన పొద్దు సంగతి, నేను సెప్పినట్టే ఉండాది గదా?"

ఉందని తలూపాను.

ఆమె పుస్తకాన్ని కళ్ళకద్దుకుంది. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా దాన్ని చేతికిచ్చి, ఆ రోజు సంగతి యాడుందో వెతికి చదువుకోమంటుందట.