యాదమ్మ కోసిన చామంతులు

తెలంగాణ వచ్చిన రెండేండ్లకు, మాఘమాసంల, నల్లగొండ అవతల పానగల్ దిక్కు ఒక ఇంట్ల పెండ్లి మండపం పని ఒప్పుకున్న. పెరట్ల పూసిన పువ్వులు, ఆకులతోనే అలంకరణ చేసుడు నా పని. ఆ ఇంటి యాదమ్మ, భర్త పోయిన సంది చామంతులు, గులాబీలు, మరువం, క్రోటన్లనే పిల్లల లెక్క సాదుకుంటాంది. "నా బిడ్డ పెండ్లికి బయటి పువ్వు ఒక్కటి సుత తేవద్దు చెల్లె" అన్నది.

మా పనిల కండిషనింగ్ అని ఒకటుంటది. ఎండ రాకముందే కొమ్మలు కోసి, నీడకు నీళ్ల బకెట్లల్ల నిలవెట్టాలె. అవి మంచిగ నీళ్లు తాగితే పెండ్లి అయ్యేదాక వాడవు. అందుకే పెండ్లినాడు పొద్దుగాల్నే ఇద్దరం కత్తెరలు వట్టుకొని పెరట్లకు వోయినం.

యాదమ్మ బావ, అంటే పెండ్లిపిల్ల పెదబాపు, మా ఎన్కనే వచ్చిండు. "ఆమెను కొయ్యనియ్యకు. మొగడు లేని ఆడిది మండపం పువ్వులు ముట్టొద్దు. నువ్వే కోసుకో" అన్నడు నాతోని.

యాదమ్మ కత్తెర నా గంపల వెట్టి తల వంచుకున్నది.

నాకు ఒళ్లు మండింది. "ఎండకాలమంత బిందెలతోని నీళ్లు మోసినప్పుడు గీ చేతులకు దోషం లేదా? ఆమె కొయ్యకుంటే నేను మండపం కట్టను" అన్న.

"పువ్వులు గుచ్చెటామెవు, మా ఇంటి ముచ్చట నీకెందుకు? గట్లయితే కన్యాదానానికి నేను కూసోను. ఎవలు కూసుంటరో కూసోండ్రి!" అని అరిచిండు.

చాయ్ గిలాసలు వట్టుకొని నిలవడ్డ చుట్టాలు మొకాలు పక్కకు తిప్పుకున్నరు. యాదమ్మ నా చెయ్యి వట్టుకున్నది. "నీ కాళ్లు మొక్కుత చెల్లె, ఊకో. రేపు నా బిడ్డకు ఏమన్నయితే నా చెయ్యి తాకబట్టే అంటరు."

గా మాటకు నా కోపం ఇంకింత పెరిగింది. కన్నతల్లికే తన చేతులంటే భయం వెట్టిండ్రు.

అప్పుడు పెండ్లిపిల్ల స్వప్న పసుపు బట్టలతోనే బయటికొచ్చింది. గంపలకెల్లి కత్తెర తీసి తల్లి చేతుల వెట్టింది. "పెదబాపు, నువ్వు కూసోకుంటే మా అమ్మ కూసుంటది. పువ్వులైతే అమ్మే కోస్తది."

ఆయన గొణుక్కుంట వోయిండు. యాదమ్మ భయంభయంగనే కోసింది, మొదటి కొమ్మలు పొట్టిగ తెగినయి. వాటిని ఫోమ్‌ల, అంటే నీళ్లు పీల్చుకునే పచ్చ దిమ్మెల, ముందు వరుసకు గుచ్చిన.

ముహూర్తానికి చుట్టాలు బతిమాలి పెదబాపునే పీటల మీద కూసోవెట్టిండ్రు. యాదమ్మ జనం ఎన్క నిలవడి బిడ్డ పెండ్లి చూసింది. మండపం బాగుందని అందరు ఫోటోలు దిగిండ్రు. నాకు ఒక్క మెప్పు సుత రుచించలే.

పువ్వులు వాడకుండ చూసుడు ఒక్కటే నా పని కాదని ఆనాడు తెలిసింది. గిప్పుడు ఏ ఇంట్ల పని ఒప్పుకున్నా ముందే చెప్త: తోట పెంచిన మనిషే మొదటి పువ్వు కొయ్యాలె. కాదన్నోళ్లు వేరేటోళ్లను చూసుకుంటరు. చూసుకోనియ్యి.