క్యాప్టెన్ అడిగిన పాట

ఓడెల్ ప్రూయిట్‌కు పొలమూ పుట్రా లేవు, సంతకం పెట్టడం రాదు. ఉన్నదల్లా గొంతు. అలబామాలో ఆ ఇరవై మైళ్ళ రైలుదారి వంకర పోకుండా ఉండటం మేస్త్రీ టార్ప్లీ గొప్పతనమని పైవాళ్ళు అనుకునేవారు. ఒట్టిమాట! ఎండలకు పట్టా పక్కకు జరిగితే ఎనిమిదిమంది నల్లవాళ్ళు గడ్డపారలు దాని కింద గుచ్చి నిలబడేవారు. ఓడెల్ పాట అందుకునేవాడు. చరణం చివర అందరూ ఒక్క ఊపున నెట్టితేనే పట్టా కదిలేది. పాట లేకపోతే ఎనిమిదిమందివి ఎనిమిది ఊపులు, పట్టా ఉన్నచోటే ఉండేది.

మేస్త్రీని అందరూ క్యాప్టెన్ అనాలి. పట్టా సూటిగా ఉందో లేదో చూడటానికి ఆయన వంద గజాల అవతల మోకాళ్ళ మీద కూర్చుని ఒక కన్ను మూసి చూసేవాడు. అంతదూరానికి లయ అందేది కానీ మాటలు అందేవి కావు. ఓడెల్ ధైర్యమంతా ఆ వంద గజాల్లోనే ఉండేది. క్యాప్టెన్ పొట్ట మీద, నడక మీద, వాళ్ళావిడ వంట మీద పాటలు కట్టి పాడితే జట్టంతా నవ్వాపుకోలేక చచ్చేది. ఆయన లేచి ఇటు నడిస్తే చాలు, పాట గాడిద మీదికి మళ్ళేది.

1934 వేసవిలో ఆ జట్టులోని హోజియాను చంపేశారు. ఒక తెల్లవాడు ఎదురొస్తే కాలిబాట దిగి దారివ్వలేదట, అదీ నేరం. మూడోరోజున ఏట్లో తేలాడు. ప్రమాదవశాత్తూ మునిగాడని కాగితం రాసిచ్చారు. పదేళ్ళప్పుడే ఆ ఏటిని ఈదినవాడు మునిగాడట! వాడి మణికట్లకున్న తాడు ముడి విప్పింది ఓడెలే. వాణ్ణి ఎత్తుకుపోయిన ట్రక్కు క్యాప్టెన్ తమ్ముడిదని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆ వారమే ఓడెల్ పాట కట్టాడు.

*ఈతొచ్చిన హోజియా ఏట్లో మునిగాడంట,*
*చేతులెవరు కట్టారో చెప్పవే ఓ ఏరమ్మా!*

రోజూ పాడేవాడు, వంద గజాల దూరంలో.

హోజియా తల్లి లువెన్యా ఇల్లు పట్టాల పక్కనే, మలుపు దగ్గర. ఒక మధ్యాహ్నం జట్టుకు ఉడికించిన బొబ్బర్లూ మొక్కజొన్న రొట్టే తెచ్చింది.

"నా కొడుకు పాట విన్నానురా, ఓడెల్."

"ఎలా ఉందత్తా?"

"బానే ఉంది. ఎవరికి పాడుతున్నావు? వీళ్ళకు తెలుసు, నాకు తెలుసు, ఏటికీ తెలుసు. తెలీనట్టు నటించేవాడు అదుగో, ఆ చెట్టు కింద తింటున్నాడు. వాడి చెవిన ఒక్కసారి పడనీ."

"చంపేస్తారత్తా. నాకిద్దరు ఆడపిల్లలు."

"నాకొక్కడే ఉండేవాడు," అని ఆమె ఖాళీ గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

"తినవయ్యా, వంద గజాల మొనగాడా!" అన్నాడు జట్టులో వేళాకోళాల మనిషి యూలిస్. ఓడెల్ రొట్టె పక్కన పెట్టేశాడు. భయమేసింది, అంతకుమించి సిగ్గేసింది.

పది రోజులకు సరిగ్గా లువెన్యా ఇంటిముందే మలుపులో పట్టా పక్కకు తన్నింది. రెండుంబావుకు ప్యాసింజరు వస్తుంది. మలుపులో దూరం నుంచి చూస్తే వంపు తెలియదు కాబట్టి క్యాప్టెన్ ఐదడుగుల్లోనే నిలబడ్డాడు. ఏడుగురు గడ్డపారలు గుచ్చారు. హోజియా గడ్డపార గట్టు మీద పడి ఉంది, వాడి బదులు ఇంకా ఎవరినీ పెట్టలేదు. వరండాలో లువెన్యా బఠానీలు ఒలుచుకుంటోంది. ఓడెల్ వైపు చూడను కూడా చూడలేదు.

ఓడెల్ గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని, ఆ పాటే ఎత్తుకున్నాడు.

క్యాప్టెన్ మొహం కందగడ్డయింది. "ఆపు! ఏం పాటరా అది? గాడిద పాట పాడు!"

ఓడెల్ గాడిద పాట పాడాడు. చరణం అయిపోయింది. ఏడుగురిలో ఒక్కడూ నెట్టలేదు. వాళ్ళేమీ ముందుగా అనుకోలేదు, ఒట్టు.

"నెట్టండ్రా!"

"ఊపు రావట్లేదు క్యాప్టెన్," అన్నాడు యూలిస్ వినయంగా. "ఈ గాడిద ముసలిదైపోయింది."

దూరంగా వంతెన దగ్గర రైలు కూత వినిపించింది. ఎర్రజెండా ఊపి ఆపొచ్చు. కానీ ఎందుకాపావని పైవాళ్ళు సంజాయిషీ అడుగుతారు. ఏమని రాసిస్తాడు? క్యాప్టెన్ గడియారం చూసుకున్నాడు, మళ్ళీ చూసుకున్నాడు.

"సరే, ఇందాకటిదే పాడు," అన్నాడు నేలచూపులు చూస్తూ.

"ఏది క్యాప్టెన్?" అన్నాడు యూలిస్.

క్యాప్టెన్ వంతెన వైపు చూశాడు. "హోజియాది," అన్నాడు చివరికి.

లువెన్యా బఠానీల గిన్నె కింద పెట్టింది. చేతులు తుడుచుకుని మెట్లు దిగి వచ్చి, కొడుకు గడ్డపార ఎత్తి, వాడి చోట్లో పట్టా కింద గుచ్చింది. క్యాప్టెన్ వద్దనలేదు. "పాడరా," అంది ఓడెల్‌తో.

పాడాడు. పట్టా కదిలింది. ఐదు నిమిషాల తర్వాత దాని మీదుగా ప్యాసింజరు సాఫీగా వెళ్ళిపోయింది.

పొద్దుగూకకముందే ఓడెల్ పెళ్ళాంపిల్లలతో ఊరు దాటేశాడు. షికాగో కబేళాలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. అక్కడ యంత్రాల రొదలో పాటతో ఎవరికీ పనిలేదు. తర్వాత రోజుల్లో నల్లవాళ్ళ హక్కుల కోసం ఊరేగింపుల్లో పాడే కుర్రకారు ఆ కథ విని, ఎంత ధైర్యమో అంటూ చుట్టూ చేరేవారు. వాళ్ళ పొగడ్తలకు ఆయనకు ఒళ్ళు మండేది.

"వంద గజాల దూరం నుంచి ఎన్నిసార్లు పాడానో లెక్కలేదు," అనేవాడు. "క్యాప్టెన్ మొహం మీద రెండే సార్లు పాడాను. రెండోది వాడడిగితే పాడింది. నేనుగా పాడింది ఒక్కసారే. అదీ హోజియా వాళ్ళమ్మ వచ్చి అడగబట్టి."