నేను ఈ ఊరిదాన్నేనని రాయించుకున్న వారం

ఇంటర్ పాసైన మార్కుల మెమో వచ్చిన రోజు నేను నారుమడిలో ఉన్నాను. పోస్టుమాన్ సైకిలు గట్టు మీద ఆపి కవరు పైకెత్తి చూపించాడు. బురద కాళ్లతోనే పరుగెత్తుకెళ్లి, ఆయన చేతిలో ఉండగానే చదివేశాను. అన్ని సబ్జెక్టులూ పాసే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా గూడెంలో ఇంటర్ పాసైన మనిషి ఇంకొకరు లేరు.

పదో తరగతి అవగానే నాకు పెళ్లి చేశారు. పుట్టిల్లు గోదావరి దిగువన పక్క జిల్లాలో. అత్తగారిల్లు భద్రాచలం వైపు అడవి అంచున, వాగు అవతల, ముప్పై నలభై ఇళ్ల గూడెం. మా ఆయన ట్రాక్టరు డ్రైవరు. కూతురు బడికి పోయే ఈడుకు వచ్చాక, కాలేజీ మొహం చూడకుండానే ప్రైవేటుగా ఇంటర్ పరీక్షకు కట్టాను. మిరపతోటలో కాయ కోస్తూ చరిత్ర పాఠాలు పైకి అప్పజెప్పుకుంటుంటే, పక్క సాలులోని ఆడవాళ్లు నాకేదో గాలి సోకిందనుకున్నారు. మా అత్తమ్మకు మొదట్లో నా చదువు బొత్తిగా గిట్టలేదు. పుస్తకం పడితే కూర మాడుతుందనేది. మాడేది కూడా.

మెమో పట్టుకుని, బస్సులో గంట దూరంలో ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి వెళ్లాను. అది మంగళవారం. కౌంటర్లో ఉన్న గుమస్తా నా కాగితాలు తిరగేసి, దరఖాస్తు మీద ఎర్ర ఇంకుతో 'నాన్-లోకల్' అని రాశాడు.

"అదేంటండీ? ఏడేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను."

"ఉంటే సరిపోదమ్మా. పరీక్షకు ముందు నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడి లోకల్. నువ్వు ఏ కాలేజీలో చదవలేదు. నీ పదో తరగతి చూస్తే పక్క జిల్లాది, అక్కడి యూనివర్సిటీ ఏరియా వేరు. ఆ నాలుగేళ్లు ఇక్కడే ఉన్నావని మీ ఎమ్మార్వో దగ్గర రెసిడెన్స్ సర్టిఫికెట్ తెచ్చుకో. శనివారం సాయంత్రం దాకా టైముంది."

నాన్-లోకల్‌కు ఉండేవి కొద్ది సీట్లు. నా మార్కులకు అందులో రాదు. స్కాలర్‌షిప్‌కు కూడా ఆ సర్టిఫికెట్టే కావాలి. ఇది లేకపోతే చదువు ఇక్కడితో సరి అని అర్థమైంది.

బుధవారం పొద్దున్నే మండలాఫీసుకు వెళ్లాను. అక్కడి క్లర్కు కుర్చీలో వెనక్కి వాలి ఒక్కొక్కటే అడిగాడు.

"రేషన్ కార్డుంద?"

"ఉందండీ, మా అత్తమ్మ పేరు మీద."

"అందుల నీ పేరుంద?"

"లేదండీ. నా పెళ్లయ్యాక కొత్త పేర్లు ఎక్కించలేదు కదండీ."

"ఓటరు లిస్టుల?"

"అది మా అమ్మగారి ఊళ్లో ఉందండీ. పద్దెనిమిది నిండాక మావాళ్లు అక్కడే ఎక్కించారు."

"పెండ్లి ఏడైంది? పిల్ల ఏడ పుట్టింది?"

రెండూ పుట్టింట్లోనే. ఆ మాట చెప్తున్నప్పుడే నా గొంతు తగ్గిపోయింది. ఆయన పెన్నుకు మూత పెట్టాడు.

"ఇగ నువ్వు ఈడున్నవని నేనెట్ల రాయాలె? కాయితాలు గాదు, నీ మాటే చెప్తాంది నువ్వు ఈడిదానివి కాదని. అండీ, అండీ!"

వరసలో నిలబడినవాళ్లు నవ్వారు. నాకు ఏడుపు రాలేదు గాని చెవులు వేడెక్కాయి. గూడెంలో నన్ను ఇంకా 'గోదారి పిల్ల' అనే పిలిచేవాళ్లు. పుట్టింటికి వెళితే, నోరు జారి 'ఏంది' అన్నానంటే చెల్లెళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. ఈ రెండు నవ్వులకూ అలవాటు పడ్డాననుకున్నాను. ఆఫీసులో పదిమంది మధ్య వినేసరికి వేరేగా ఉంది.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. మా ఆయన ఆ వారం వేంసూరు వైపు పొలాల దమ్ములకు ట్రాక్టరు తోలుకుపోయాడు. చెప్పుకోవడానికి ఆమె తప్ప ఎవరూ లేరు. జరిగింది చెప్పాను. "పోనీలే" అంటుందనుకున్నాను. ఆమె చేతిలో గింజ విసిరేసింది.

"ఏడేండ్ల సంది నా పొయ్యి కాడ ఉన్న పిల్ల ఈడ లేదంటడా? మరి నేను ఇన్నేండ్లు ఎవ్వరితోని కొట్లాడుతున్న?"

మర్నాడు తను కూడా బయల్దేరింది. ఉతికిన చీర కట్టుకుంది. ట్రంకుపెట్టెలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి చంకలో పెట్టుకుంది. ఏముందని అడిగితే చెప్పలేదు. మండలాఫీసులో క్లర్కు బల్ల దాటి, తిన్నగా రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అంటే ఆర్.ఐ., కూర్చున్న గదిలోకి నడిచింది. ఆయన సన్నగా, కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని ఉన్నాడు. అత్తమ్మ నిన్నటి సంగతంతా, 'అండీ' అని వెక్కిరించిన మాటతో సహా చెప్పేసింది.

ఆర్.ఐ. ఓపిగ్గా విన్నాడు. "అంత మంచిగనే ఉందమ్మా. కానీ రాతపూర్వకంగ ఏదన్న ఆధారం ఉండాలె గద."

అత్తమ్మ కవరులోంచి తన వితంతు పింఛను దరఖాస్తు నకలు తీసి బల్ల మీద పరిచింది.

"సారూ, నాకు సదువు రాదు. ఇది నా ఏలిముద్ర, గంతవరకు తెలుసు. దీని కింద ఒక సంతకముంది. అది ఎవరిదో మీరే సదువుండ్రి."

అది నాదే. మా గూడెంలో రాయడం వచ్చిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. రాయడం వచ్చిన ఒకరిద్దరు మగవాళ్లు పనుల మీద ఖమ్మం, తల్లాడ వైపు తిరిగేవాళ్లు. నేను కాపురానికొచ్చిన ఏడాదే బోరు కోసం ఒక దరఖాస్తు రాసిపెట్టాను. అప్పటినుంచి పింఛన్లు, ఇళ్ల స్థలాలు, పోయిన ఎడ్లు, అన్నీ నా దగ్గరికే వచ్చేవి. రాసేదాన్ని, చదివి వినిపించేదాన్ని, వేలిముద్ర వేయించి, 'పై వేలిముద్ర ఫలానావారిదే' అని కింద సంతకం పెట్టేదాన్ని. సంతకం పక్కన ఊరిపేరు, తేదీ వేసే అలవాటు కూడా ఉంది. తేదీ లేని ఉత్తరం ఉత్తరమే కాదని మా బడిలో తెలుగు పంతులుగారు బెత్తంతో నేర్పారు. కాని అది నాకు ఆధారంగా పనికొస్తుందని మాత్రం తట్టలేదు. తట్టింది ఒక్క అక్షరం రాని మా అత్తమ్మకు.

ఆర్.ఐ. అద్దాలు పైకి జరుపుకుని ఆ కాగితం రెండుసార్లు చూశాడు. "ఇసుంటివి ఇంకెన్ని రాసినవమ్మా?"

"లెక్క పెట్టలేదండీ. మా ఊరినుంచి వచ్చినవన్నీ దాదాపు నేను రాసినవేనండీ."

ఆయన అటెండరును పిలిచి మా ఊరి కట్టలు తెమ్మన్నాడు. రిటైరవడానికి దగ్గరలో ఉన్న ఆ పెద్దాయన తుమ్ముకుంటూ నాలుగు కట్టలు మోసుకొచ్చాడు. దారం విప్పి ఒక్కో కాగితం తీస్తుంటే నా చేతిరాతే. ప్రతి ఏడాదివీ ఉన్నాయి. ఏడేళ్లుగా నేను ఇచ్చిన అర్జీలకు జవాబు వచ్చినవి తక్కువే గాని, కాగితాలు మాత్రం భద్రంగా దాచారు. అన్నిటికంటే అడుగున బోరు దరఖాస్తు. నలుచదరపు కాగితం మీద ముప్పై దాకా వేలిముద్రలు, మధ్యలో నా పదిహేడేళ్ల సంతకం, పుట్టింటి ఇంటిపేరుతో.

క్లర్కు గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఇంటిపేరు వేరే ఉంది గద సార్. ఇది ఈమెదే అని ఎట్ల?"

ఆర్.ఐ. ఆ కాగితాన్నీ, అత్తమ్మ పింఛను కాగితాన్నీ పక్కపక్కన పెట్టాడు. "ఈ 'ళ' చూడు. తోక కిందికి గుంజి కొక్కెం లెక్క తిప్పింది. అందుల గట్లనే ఉంది, ఇందుల గట్లనే ఉంది." నా వైపు తిరిగాడు. "అయినా విచారణ చెయ్యాలె, అది రూలు. రేపు మీ ఊరికొస్త. పది మందిని కూడబెట్టుండ్రి, పంచనామా రాస్త."

తిరుగు ప్రయాణంలో అత్తమ్మ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. బస్సులో పక్కన కూర్చున్న తెలియని మనిషికి మాత్రం అంతా మళ్లీ మొదట్నుంచి చెప్పింది.

శుక్రవారం తెల్లారేసరికి వాగు చప్టా మీదుగా పారుతోంది. పైన ఎక్కడో గట్టి వాన పడింది. ఆర్.ఐ. మాట తప్పలేదు. స్కూటరు మీద అవతలి ఒడ్డుదాకా వచ్చాడు. నీళ్లు చూసి, చేతులు నోటికి అడ్డం పెట్టి అరిచాడు: "తగ్గినంక వస్తనమ్మా! సోమవారమో మంగళవారమో!" స్కూటరు తిప్పుకుని వెళ్లిపోయాడు.

శనివారం గడువు. నేను ఒడ్డున బండ మీద కూలబడ్డాను. అయిపోయింది, వచ్చే ఏడాది చూద్దామని మనసుకు నచ్చజెప్పుకోవడం మొదలుపెట్టాను కూడా.

వెనక నుంచి అత్తమ్మ అంది: "ఆయన రాకుంటే మనం పోలేమా?"

బోరు దరఖాస్తు రాయించుకున్నది ఒక కోయ పెద్దాయన. వాగుకు ఎగువన, అడవిలో గంటసేపు నడిస్తే, నీళ్లు రాళ్ల మీద పరుచుకుని మోకాలి లోతే ఉంటాయని ఆయనకు తెలుసు. ఆయన ముందు నడిచాడు. వెనక ఒక్కొక్క ఇంటినుంచి వచ్చి కలిశారు. అది నాట్ల రోజు. కూలి పోతుందని తెలిసే వచ్చారు. ఎవరినీ నేను పిలవలేదు. అత్తమ్మ పిలిచిందేమో నాకు తెలియదు. వాగు దాటి వెనక్కి చూస్తే ఇరవై మందికి పైగా ఉన్నారు, చీరలు ఎగ్గట్టుకుని, ఒకళ్ల చేతులొకళ్లు పట్టుకుని నీళ్లలో నడుస్తూ.

రోడ్డెక్కి బస్సాపాం. మోకాళ్లదాకా బురదతో ఇంతమంది ఎక్కేసరికి కండక్టరు నోరు తెరిచాడు.

"ఏంది, పెండ్లి బృందమా?"

"అవ్, పెండ్లే," అంది అత్తమ్మ.

మండలాఫీసు వరండా నిండిపోయింది. ఆర్.ఐ. బయటకొచ్చి చూశాడు. తర్వాత కుర్చీ వరండాలోకి తెప్పించుకుని, తన చేత్తోనే పంచనామా రాయడం మొదలుపెట్టాడు. కోయ పెద్దాయన మధ్యలో నా వైపు తిరిగి కోయ మాటలో గట్టిగా ఏదో అన్నాడు. నేనూ ఆ మాటలోనే జవాబిచ్చాను.

"ఏమంటున్నడు?" అన్నాడు ఆర్.ఐ.

"నేను కాపురానికొచ్చిన ఏడాదే వాళ్ల ఎడ్లజత పోయిందండీ. ఆ సంగతి కూడా రాస్తే ఏ ఏడాదో ఎవరూ కాదనలేరంటున్నాడు."

"కోయ మాట ఎప్పుడు నేర్చినవమ్మా?"

"ఎప్పుడంటే ఏం చెప్పనండీ. వింటూ వింటూ వచ్చేసింది."

ఆర్.ఐ. క్లర్కును పిలిచాడు. "మొన్న మాటను బట్టి చెప్తివట గద, ఏడిదో. ఇది గూడ విను."

వేలిముద్రలు మొదలయ్యాయి. సిరాదిండు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారింది. అందరూ అలవాటు కొద్దీ నావైపే చూశారు. నేనూ అలవాటు కొద్దీ బల్ల మీది పెన్ను అందుకున్నాను.

"నువ్వు కాదమ్మా!" ఆర్.ఐ. నవ్వాడు. "నీ కేసుల నువ్వే సాక్షివా?" పెన్ను నా చేతిలోంచి తీసుకుని క్లర్కుకిచ్చాడు.

క్లర్కు కూర్చుని, ప్రతి వేలిముద్ర కిందా 'ఫలానావారిదే' అని రాసుకుంటూ పోయాడు. నాలుగో పేరు దగ్గర ఆగి, తలెత్తకుండానే, "ఈ ఇంటిపేరు ఎట్ల రాస్తరమ్మా?" అని నన్ను అడిగాడు. చెప్పాను. ఆ తర్వాత ప్రతి పేరుకూ అడిగాడు. నేనూ ప్రతిసారీ చెప్పాను, చివర 'అండీ' చేర్చి మరీ.

సాయంత్రానికి ఎమ్మార్వో సంతకం, గుండ్రటి ముద్ర పడ్డాయి. శనివారం వాగు ఇంకా తగ్గలేదు. అదే అడవిదారిన వెళ్లి, మూడు గంటలకు కాలేజీ కౌంటరు ముందు నిలబడ్డాను. గుమస్తా సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి చూసి, ఎర్రక్షరాలు కొట్టేసి, పైన నీలం ఇంకుతో 'లోకల్' అని రాశాడు. తర్వాతి వారం బోర్డు మీద పెట్టిన మొదటి జాబితాలోనే నా పేరుంది. వేలు పెట్టి మూడుసార్లు చదివాను. అక్కణ్ణుంచి బస్టాండుకెళ్లి, వేడివేడి మిరపకాయ బజ్జీలు కొనుక్కుని, నిలబడి ఒక్కదాన్నే తిన్నాను. కారానికి కళ్లలో నీళ్లు కారుతున్నా నవ్వుతూనే ఉన్నాను. ఎవరో తెలిసినామె చూసి, ఏమైందని కంగారుపడింది.

మొదటి రోజు క్లాసులోకి అడుగుపెట్టగానే పిల్లలంతా లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడం" అన్నారు. చీరలో ఉన్నది నేనొక్కదాన్నే మరి. "కూర్చోండమ్మా" అని చెప్పి, వెళ్లి రెండో బెంచీలో కూర్చున్నాను. గదంతా గొల్లుమంది. పక్కనున్న అమ్మాయి నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేసింది. ఆ రోజు నవ్వినవాళ్లలో నేను కూడా ఉన్నాను.

సాయంత్రం అత్తమ్మ అడిగింది: "ఏం చెప్పిండ్రు ఇయ్యాల?"

వేల ఏళ్ల కిందట ఇటుకలతో కట్టిన పట్నాల గురించి, వీధుల గురించి, ధాన్యపు కొట్ల గురించి చెప్పాను. ఆమె చాట పక్కన పెట్టి శ్రద్ధగా వింది.

"మరి గా ఆడోళ్లు ఏం వండుకున్నరు?"

"అది చెప్పలేదు అత్తమ్మా."

"నువ్వు అడగలే?"

"లేదు."

"రేపు అడుగు," అంది.

మర్నాడు క్లాసులో లేచి అడిగాను. చరిత్ర లెక్చరర్ సుద్దముక్క అందుకున్నాడు. తర్వాత బోర్డు వైపు తిరిగి, గోధుమలు, బార్లీ, బఠాణీలు, నువ్వులు అని ఒక్కొక్కటే రాసుకుంటూ వెళ్లాడు. నేను నోట్సులో అన్నీ ఎక్కించుకున్నాను. ఆయన ఆగగానే మళ్లీ చెయ్యెత్తాను.