పుష్పవతి పెట్టని సంతకం

మా నాయనమ్మ పుష్పవతి ఫోటో తీస్తే అందులో సగం ఆవిడ బొటనవేలే ఉంటుంది. ఫోను ఆఫ్ చెయ్యడం ఇప్పటికీ రాదు, విసుగొస్తే దిండు కింద తోసేస్తుంది. అలాంటి మనిషి రెడ్డిగూడెం మామిడి రైతుల సంఘంలో చదువుకున్నవాళ్ల నోళ్లు మూయించింది.

ఈ ఏడాది పిందె పట్టగానే సంఘం తోటలకు కెమెరాలు పెట్టించబోయింది. విదేశీ సరుకు, చవక. దొంగల్ని పట్టడమే కాదు, చెట్టుకెన్ని కాయలున్నాయో కూడా చెబుతాయట. ఇరవై మంది సంతకం చేస్తేనే ఆ ధర. పంతొమ్మిదయ్యాయి. మిగిలింది నాయనమ్మదే.

నలభై ఏళ్లుగా పుష్పవతి తన తోట కాపు ఎంతో ఏ షావుకారుకీ చెప్పలేదు. చెట్ల కింద తిరిగి వాళ్లే అంచనా కట్టుకోవాలి. గుట్టు బయటపడితే బేరం చెయ్యిజారుతుంది.

"ఈ లెక్కంతా ఎక్కడుంటుంది బాబూ?" అని సంఘం మీటింగులో కంపెనీ మనిషి రవికిరణ్‌ని అడిగింది.

"కంపెనీ వాళ్ల దేశంలోనండీ మామ్మగారూ. భద్రంగా ఉంటుంది."

"అక్కడ ఓట్లూ గట్రా ఉన్నాయా?"

"లేవండీ. ఎప్పుడూ ఒకే సర్కారు."

"ఆ సర్కారు అడిగితే మీ కంపెనీ ఇవ్వనంటుందా?"

రవికిరణ్ నవ్వాడు. "సర్కారుకి మన మామిడికాయలెందుకండీ?"

"ఎందుకో నాకేం తెలుసు? అడిగినా ఇవ్వం అని రాసివ్వు, ఇప్పుడే సంతకం పెడతా."

సంఘం అధ్యక్షుడు సుభాష్ విసుక్కున్నాడు. "ఏంటి పిన్నీ, నీ ఫోనే నీకు సరిగా రాదు, కంపెనీకి పరీక్ష పెడతావా?"

"రాదు కాబట్టే అడుగుతున్నాన్రా. వచ్చినోళ్లంతా అడక్కుండానే పెట్టేశారుగా!"

అందరూ గొల్లున నవ్వారు. రవికిరణ్ హెడ్డాఫీసుకి ఫోన్ కలిపాడు. స్పీకర్ పెట్టమంది పుష్పవతి.

"అలా రాసివ్వలేం. అక్కడి చట్టం ప్రకారం సర్కారు అడిగితే ఇచ్చి తీరాలి. ఇచ్చామని మీకు చెప్పడానికీ వీల్లేదు" అంది అవతలి గొంతు.

నవ్వులు ఆగిపోయాయి. ముందుగా సంఘంలోని రైతు శేషగిరిరావు కాగితం లాక్కుని తన సంతకం అడ్డంగా కొట్టేశాడు. తర్వాత పెన్ను చేతులు మారుతూ పోయింది. చివరికి సుభాష్ కూడా కొట్టేసి, "మరి దొంగల మాటేంటి పిన్నీ?" అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

మర్నాడు పుష్పవతి సుభాష్ బండెక్కి నూజివీడు వెళ్లింది. రికార్డంతా ఇంట్లో పెట్టెలోనే ఉండే కెమెరా చూపించమంది. షాపువాడు చూపించగానే, "ఆ ఇంటర్నెట్ తీగ పీకు" అంది.

పీకాడు.

"ఇప్పుడూ రికార్డవుతోందా?"

"అవుతోందండీ."

"అయితే ఇరవై కట్టు."